గొంతు తోడు పెరుగు కాదన్న వకీలమ్మ

కొంచెం ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. పొయ్యి మీద ఏమన్నా ఉంటే ముందు దించి రండి. మాడు వాసన వస్తే సగం కథలో లేచిపోతారు, తిరిగొచ్చి మొదటి నుంచీ చెప్పమంటారు. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. నా చదువు సంతకం దగ్గరే ఆగిపోయింది. అయితే ఒకసారి విన్న మాట మాత్రం నన్ను వదిలి ఎక్కడికీ పోదు. ఎవరు అన్నారో, ఏ గుమ్మంలో నిలబడి అన్నారో, అప్పుడు చేతిలో ఏముందో కూడా చెప్పగలను. ఇది మా ఇంట్లో వాళ్లకు పెద్ద బాధ.

నిన్న మార్కాపురం బస్టాండులో దిగాను. తోపుడు బండి మీద ఒకాయన బాణలిలో ఇసుక పోసి శనగలు వేయిస్తున్నాడు. ఆ వేడి ఇసుక వాసన ముక్కుకు తగలగానే కాళ్లు ఆగిపోయాయి. మా వకీలమ్మ గుర్తొచ్చింది. పేరు విశాలాక్షమ్మ. పేరుకే విశాలం, మనిషి పిట్టంత. నల్లకోటు జేబులో ఎప్పుడూ వేయించిన శనగల పొట్లం ఉండేది. గొంతుకు ఎప్పుడో ఆపరేషన్ జరిగిందట, మాట పైకి వచ్చేది కాదు. ఆమె మాట్లాడుతుంటే ఎదుటివాళ్లు చెవి ముందుకు వంచుకుని వినాలి. నాకేమో దేవుడు మూడు ఊళ్లకు సరిపడా గొంతు ఇచ్చాడు. మాట పలకడమే వృత్తి అయినచోట మాట లేని మనిషి ఆమె. అయినా నా గొంతును నాకు తెచ్చిపెట్టింది ఆమే. అదెట్లాగో చెబుతాను.

మాది తర్లుపాడు పక్కన పల్లె. పుట్టింటివాళ్లూ అత్తింటివాళ్లూ గొర్రెలు కాసుకునేవాళ్లే. మా ఆయన గురవయ్య మాత్రం జీవాలు అమ్మి ఆటో కొన్నాడు. ఉల్లిగడ్డలు, చింతపండు, ఎండుమిరపకాయలు వేసుకుని ఊళ్లు తిరిగేవాడు. మనిషి మంచివాడే గాని అరిచి అమ్మడం రాదు. “ఉల్లిగడ్డలు” అని ఆయన అంటే, స్టేషన్‌లో నేరం ఒప్పుకుంటున్నట్టు ఉండేది. చూసి చూసి ఒకరోజు నేనే ఫోన్ అందుకుని, రికార్డు నొక్కి, పాటలాగా కట్టి పలికాను. “అక్కా రా, అన్నా రా, అవ్వా నువ్వు మెల్లగా రా! కాశమ్మ మాట, కల్తీ లేని మాట! కోస్తే కన్నీళ్లు, వండితే కమ్మదనం! మా ఇంట్లో అందరం ఇదే తింటాం, నమ్మి తీసుకోండి!” అది మైకులో పెట్టుకుని పోయినవాడు మధ్యాహ్నానికే ఖాళీ ఆటోతో ఇంటికొచ్చాడు.

ఇక చూడండి. సీతాఫలాల మనిషి వచ్చాడు, బిందెల మనిషి వచ్చాడు, పాత ఇనుము మనిషి వచ్చాడు. “అక్కా, మాకూ ఇంత పలికి పెట్టు” అన్నారు. పలికి పెట్టాను. మా పల్లెల్లో తోడు పెరుగు అడిగితే లేదనరు. ఇచ్చినది తిరిగి అడగరు. పొద్దు గూకాక వస్తే మాత్రం రేపు రమ్మంటారు, అదొక్కటే పట్టింపు. నా గొంతు కూడా తోడులాంటిదే అనుకున్నాను. గరిటెడు ఇస్తే నా కుండలో తగ్గేదేముంది? వాళ్లు ఇంకొకరికి ఇచ్చారు, ఆ ఇంకొకరు మరొకరికి ఇచ్చారు. చివరికి నా గొంతు నాకంటే ఎక్కువ ఊళ్లు చూసింది. కొనకనమిట్ల దాకా పోయిందట, నేను అప్పటికి కొనకనమిట్ల ముఖమే చూడలేదు.

ఒకనాడు నేను పెరట్లో బట్టలు పిండుతున్నాను. వీధిలోకి పాత ఇనుము ఆటో వచ్చి నా గొంతుతో “అన్నా రా!” అని పిలిచింది. అన్నం తింటున్న మా ఆయన చెయ్యి కడుక్కుని విసురుగా బయటికి పోయాడు. “మొగుణ్ని పట్టుకుని అన్నా అంటావేందే, సిగ్గులేదా?” అని వీధిలో కేకలు. నేను పెరట్లోంచి తడి చేతులతో వచ్చి చూస్తే, మా ఆయన ఆటోతో తగాదా పెట్టుకుని ఉన్నాడు. ఆటో ఏమో తగ్గకుండా అన్నా అన్నా అంటూనే ఉంది. వీధంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు.

మా పెదనాయన ఓబులేసు. మా నాయన పోయాక నన్ను పెంచి, పెళ్లి పందిట్లో తండ్రి స్థానంలో కూర్చున్నది ఆయనే. ఒక పొద్దున చంకలో ఒక సీసా పెట్టుకుని వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

“ఏందమ్మా కాశమ్మా, నీకు నేనేం అన్యాయం చేసినా?”

“ఏమైంది పెదనాయనా?”

“గొర్రెలకు ఈ టానిక్కు తాపిచ్చినా. మందకు మంద విరేచనాలతో పారుకుంటున్నయి. డాక్టరును పిలుచుకొచ్చి సూదులేయిస్తే బతికినయి గానీ, లేకపోతే ఒక్కటీ మిగిలేది కాదు.”

“దానికి నేనేం చేసినా?”

“నువ్వే కదా చెప్పినావు నమ్మి తీసుకోమని! ‘మా ఇంట్లో అందరం ఇదే తింటాం’ అన్నావు. కాశమ్మ ఇంటిల్లిపాదీ తింటే ఏం కానిది, గొర్రెలకేమైతది అనుకున్నా.”

“అయ్యో, అది ఉల్లిగడ్డలకు చెప్పిన మాట పెదనాయనా!”

“సీసాకు కూడా చెప్పినావు. నా చెవులతో నేను విన్నా.” మజ్జిగ ఇస్తే ముట్టకుండా వెళ్లిపోయాడు.

అప్పుడు ఆరా తీస్తే తెలిసింది. గిద్దలూరు రోడ్డులో గొర్రెల మందుల దుకాణం పెట్టిన సుబ్బరాయుడు అనే మనిషి నా పలుకులో ఉల్లిగడ్డల మాట తీసేయించి, మధ్యలో టానిక్కు పేరు అతికించి ఊరూరా తిప్పుతున్నాడు. కొన్నవాళ్లంతా మావాళ్లే, గొర్రెలవాళ్లే. మందు చూసి కొనలేదు, కాశమ్మ చెప్పిందని కొన్నారు. పెళ్లికి పోతే ఆడవాళ్లు నా పక్కన ఖాళీ వదిలి కూర్చోవడం మొదలుపెట్టారు. గొర్రెలు కోలుకున్నాయి. నా మాట కోలుకోలేదు. నేను ఏం చెప్పినా, “చెబుతుందిలే, దాని గొంతుకేం” అనేవాళ్లు.

మేమిద్దరం సుబ్బరాయుడి దుకాణానికి పోయాం. ఆయన కుర్చీలోంచి లేవలేదు. “చూడమ్మా, మెమరీ కార్డు నేను సెల్లు దుకాణంలో కొన్నా. ఊరికే తీసుకోలేదు. అందులో ఉన్న పాటలు, మాటలు, కోడికూతలు అన్నీ ఇప్పుడు నావే” అన్నాడు. ఇంటికొచ్చే దారిలో మా ఆయన ఆలోచించి ఆలోచించి, “ఆయన చెప్పేదాంట్లో కూడా న్యాయం ఉందే. బర్రెను కొంటే పాలు కూడా మనవే కదా” అన్నాడు.

“నువ్వు ఎవరి పక్క?”

“నేను న్యాయం పక్క.”

“అయితే రాత్రికి అన్నం న్యాయాన్నే పెట్టమను.”

మా ఊరి అంగన్‌వాడీ టీచరమ్మ చెప్పింది, మార్కాపురం కోర్టులో ఆడవాళ్లకు ఉచితంగా వకీలును ఇస్తారని. ఉచితమంటే మా ఆయన నమ్మలేదు. “ఉచితంగా వచ్చేది టానిక్కు లాంటిదే అయి ఉంటది” అన్నాడు. అయినా తోడు వచ్చాడు. కోర్టు వరండాలో బల్ల వెనకాల ఆమె కూర్చుని శనగలు నములుతోంది. నేను నిలబడి మొత్తం చెప్పాను. నేను మెల్లగానే చెప్పాననుకున్నాను. చెప్పడం అయ్యేసరికి వరండాలో కక్షిదారులు, సాక్షులు, టీ అమ్మేవాడు అంతా మా చుట్టూ మూగి ఉన్నారు. వకీలమ్మ పొట్లం మడిచి జేబులో పెట్టుకుని, గాలిలాంటి గొంతుతో అంది:

“అమ్మా, నీ కేసు లోపల జడ్జిగారికి కూడా వినపడినట్టుంది. ఇక తీర్పొక్కటే మిగిలింది.”

తర్వాత ఒక్కొక్కటే అడిగింది. ఆ మాటలు ఎవరు కట్టారు? నేనే. పలికింది ఎవరు? నేనే. ఎవరి ఫోన్‌లో? మా ఫోన్‌లో. ఈ మాటలు ఫలానావాళ్లకు ఇచ్చేస్తున్నానని ఎక్కడన్నా సంతకం పెట్టావా?

“నాకు చదవడం రాదమ్మా. తెలియని కాగితం మీద సంతకం పెట్టొద్దని మా పెదనాయన చెప్పినాడు.”

“మీ పెదనాయన సగం వకీలు” అంది. “నువ్వు కట్టి పలికిన క్షణం నుంచే అది నీది. ఏ ఆఫీసులోనూ రిజిస్టరు చేయకపోయినా నీదే. నువ్వు రాసిచ్చి సంతకం పెడితే తప్ప ఆ హక్కు ఇంకొకరికి పోదు. ఆయన కొన్నది కార్డు. కార్డు ఆయనదే, కావాలంటే దండ వేసి పటం కట్టించుకోమను. అందులోని మాట మాత్రం నీది.”

మా ఆయన ఊరుకుంటాడా? బర్రె, పాల సంగతి ఎత్తాడు. ఆమె ఆయన్ను కిందికీ మీదికీ చూసింది. “మీరు గొర్రెలవాళ్లే కదా. మా నాయన పొలంలో ఏటా మంద కట్టించేవాడు. రాత్రంతా మీ గొర్రెలు మా చేలో పడుకుంటాయి, ఎరువు మా చేనుకు. తెల్లారి గొర్రెలు ఎవరి వెంట పోతాయి?”

“మా వెంట.”

“రాత్రి నా చేలో పడుకున్నాయి కాబట్టి గొర్రెలు నావే అని మా నాయన అంటే?”

“ఎట్లా అంటాడు? కర్ర తీసుకోమా!”

“అదే కాపీరైటు చట్టం గురవయ్యా. కర్ర బదులు నోటీసు తీసుకుంటాం. ఏ చేను, ఎన్ని రాత్రులు అని ముందే మాట్లాడుకుంటారు కదా మంద కట్టేటప్పుడు? మాట వాడుకోనివ్వడం కూడా అంతే. దేనికి, ఎక్కడ, ఎన్నాళ్లు. అవి అయిపోగానే మాట తిరిగి ఇంటికి రావాలి.” మా ఆయన బర్రెను అక్కడే వదిలేశాడు. ఆ తర్వాత ఎన్నడూ దాని మాట ఎత్తలేదు.

నేను తోడు పెరుగు సంగతి చెప్పాను. అడిగినవాళ్లకు లేదని ఎట్లా అనేది అన్నాను. ఆమె నవ్వలేదు. నన్ను దగ్గరికి రమ్మని చెవిలో చెప్పినట్టు చెప్పింది. “నీ తోడుతో ఇంకొకరింట్లో తోడేస్తే అది వాళ్లింటి పెరుగే కాశమ్మా. పులిసిపోతే నిన్నెవరూ అనరు. గొంతు అట్ల కాదు. ఎవరింటికి పోయినా, ఎన్ని ఊళ్లు తిరిగినా అది కాశమ్మే.” ఎన్ని నెలలుగానో నన్ను తింటున్న బాధ ఏమిటో నాకే చెప్పడం చేతకాలేదు. ఆమె నాలుగు ముక్కల్లో చెప్పింది. అక్కడే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె గాభరాపడి గుప్పెడు శనగలు నా చేతిలో పోసింది.

నోటీసు రాసి నాకు ఒకసారి చదివి వినిపించింది. నేను మొదటి నుంచి చివరి దాకా తిరిగి అప్పజెప్పాను, సెక్షన్లతో సహా. “నీలాంటి కక్షిదారులుంటే నాకు బీరువా అక్కర్లేదు” అంది.

నోటీసు అందాక సుబ్బరాయుడు రాజీ మాటలకని కోర్టుకు వచ్చాడు. మధ్యవర్తిగా ఒక రిటైరైన పెద్దాయన కూర్చున్నారు. వకీలమ్మ పట్టుబట్టి మా పెదనాయనను కూడా పిలిపించింది. ఆయన నా వైపు చూడకుండా, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. సుబ్బరాయుడు కొత్త వాదన తెచ్చాడు. అసలది నా గొంతే కాదట. “ఇట్లాంటి గొంతులు ఈ చుట్టుపక్కల ఇంటికొకటి ఉంటాయి సార్” అన్నాడు. వకీలమ్మ లేచి ఏదో చెప్పింది. పెద్దాయనకు వినపడలేదు. మళ్లీ చెప్పింది. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. సుబ్బరాయుడు మీసాల చాటున నవ్వాడు. అప్పుడామె నా వైపు తిరిగి, “కాశమ్మా, పలుకు” అంది.

“ఇక్కడనా?”

“ఇక్కడే. ఆటోలో పలికినట్టు.”

నేను పైట సర్దుకుని, కళ్లు మూసుకుని ఎత్తుకున్నాను. “అక్కా రా, అన్నా రా, అవ్వా నువ్వు మెల్లగా రా!” ఆ గది చిన్నది, నా గొంతు పెద్దది. నేను కమ్మదనం దాకా వచ్చేసరికి తలుపు తెరుచుకుంది. ఒక కానిస్టేబులు, ఇద్దరు ముసలమ్మలు, సాక్ష్యానికొచ్చిన ఒకాయన సంచి పట్టుకుని నిలబడి ఉన్నారు. “ఆటో యాడ నిలిపినావమ్మా?” అని అడిగింది ఒక ముసలమ్మ. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. గొంతు ఎవరిదనే వాదన అక్కడితో ముగిసింది.

సుబ్బరాయుడు తగ్గలేదు. గొంతు ఈమెదే అయినా అందులో తప్పేముంది, ఈమెకు పేరే కదా వచ్చింది అన్నాడు. వకీలమ్మ సంచిలోంచి టానిక్కు సీసా తీసి, మూత నిండా పోసి, బల్ల మీద ఆయన ముందుకు జరిపింది. “తాగండి” అంది. ఈసారి అందరికీ వినపడింది, ఎందుకంటే గదిలో ఇంకెవరూ ఊపిరి తీయలేదు.

“గొర్రెల మందు మనుషులెట్లా తాగుతారమ్మా?”

“మరి ఈమెతో, ఈమె ఇంటిల్లిపాదితో ఊరూరా ఎందుకు తాగిస్తున్నారు?”

గోడ వైపు తిరిగిన మా పెదనాయన భుజాలు కదిలాయి. నవ్వాడో దగ్గాడో నాకు తెలియలేదు. సుబ్బరాయుడు మూత వైపు చూసి, పెద్దాయన వైపు చూసి, చెరిపేస్తానని ఒప్పుకున్నాడు. పెద్దాయన సరేనన్నారు. వకీలమ్మ సరేననలేదు. చెరిపేస్తే సరిపోదు, విన్న ఊళ్లన్నీ నిజం కూడా వినాలి అంది. మైకు పెట్టి అదే ఊళ్లలో చెప్పించాలి అంది. సుబ్బరాయుడు తల గోక్కున్నాడు. “నేను చెబితే ఎవరు నమ్ముతారమ్మా?” అని నిజాయితీగా అడిగాడు. నా వైపు తిరిగి, “అక్కా, నువ్వే ఇంత పలికి పెట్టరాదా?” అన్నాడు.

మా వకీలమ్మ ముఖం వెలిగిపోవడం ఆ రోజే చూశాను. “ఆ, ఇప్పుడు సరిగ్గా అడిగావు. దేనికి?”

“నిజం చెప్పడానికి.”

“ఎక్కడ?”

“నేను తిరిగిన ఊళ్లలో.”

“ఎన్నాళ్లు?”

“ఊళ్లన్నీ ఒక చుట్టు అయ్యేదాకా.”

“మాటలు ఎవరివి?”

“అక్కవే.”

అవన్నీ కాగితం మీద పెట్టించి, నాకు చదివి వినిపించి, ఆయనతో సంతకం చేయించింది. అట్లా అన్నీ ముందే తేల్చుకుని నేను ఇచ్చిన మొదటి పలుకు అదే. ఎవరికి ఇచ్చానో చూడండి, నా గొంతు ఎత్తుకుపోయినవాడికే. ఆ పలుకులో పాట కట్టలేదు. “నేను కాశమ్మను. ఆ టానిక్కు మాట నేను చెప్పలేదు, అతికించి చెప్పించారు. మా ఇంట్లో ఎవరం దాన్ని తినం, మీ గొర్రెలకు తాపొద్దు. ఈ మాట నేనే చెబుతున్నా.” అంతే. సుబ్బరాయుడి ఆటో, సుబ్బరాయుడి డీజిలు, నా నిజం. మా ఆయన వీధి చివర నిలబడి చేతులు కట్టుకుని విన్నాడు, సొంతంగా కేసు గెలిచినట్టు.

రెండు రోజులు పోయాక మా పెదనాయన వచ్చాడు. గుమ్మం బయటే ఆగి, కర్ర మీద గడ్డం ఆనించి అడిగాడు:

“ఈసారి నువ్వే చెప్పినావా, ఎవరన్నా చెప్పించినారా?”

“నేనే పెదనాయనా.”

“అయితే ఇంత మజ్జిగ పొయ్యి. ఎండకు నాలుక పిడచగట్టుకపోయింది.”

లోపలికి వచ్చి పీట వేసుకుని కూర్చున్నాడు. చెంబుడు తాగి ఇంకో చెంబు అడిగాడు. పోశాను. ఆయన జరిగినది ఎత్తకుండా, గొర్రెల సంగతే మాట్లాడాడు.

ఆ తర్వాత చాన్నాళ్లు నేను పలికిన ప్రతి పలుకుకూ ముందు వకీలమ్మ దగ్గరికి పోయి అడిగేదాన్ని. కొన్నాళ్లకు ఆమె విసుక్కుంది. “నీకే తెలుసు కదా, నన్నెందుకు అడుగుతావు?” అని గుసగుసగా కోప్పడింది. ఊరివాళ్ల పాత పాట ఎవరన్నా తెచ్చి నా పేరు పెట్టుకోమంటే, అది అందరిదీ, దాన్ని నీ దొడ్లో కట్టేసుకోవద్దు అని కూడా చెప్పింది. బిందెల మనిషికి, సీతాఫలాల మనిషికి ఇప్పటికీ పలుకుతాను. అయితే దేనికి, ఎక్కడ, ఎన్నాళ్లు అని ముందే మాట్లాడుకుంటాం, పలుకు చివర నా పేరు ఉంటుంది. కిందటేడు వకీలమ్మ పోయింది. అంతిమయాత్రలో నేను ఏడుస్తుంటే ఎవరో, “మెల్లగా అమ్మా, మెల్లగా” అన్నారు. ఆమె ఉంటే అదే మాట అనేది అనుకుని ఇంకొంచెం గట్టిగా ఏడ్చాను.

మొన్నీమధ్య ఒక కుర్రవాడు కంప్యూటరు సంచి తగిలించుకుని మా ఇంటికొచ్చాడు. “అత్తా, గంటసేపు నేను చెప్పిన మాటలు పలికితే చాలు. తర్వాత నువ్వు పలకనక్కర్లేదు. ఏ మాటైనా నీ గొంతుతో మిషనే చెప్పేస్తది” అన్నాడు.

“ఏ మాటైనా?”

“ఏ మాటైనా.”

“ఎన్నాళ్లు?”

“ఎప్పటికీ అత్తా! నువ్వు పోయినాక కూడా!”

“మరి ఆ మాట విని ఎవరన్నా నష్టపోయి, మా గుమ్మంలోకి వచ్చి నిలబడితే?”

అతను సంచి సర్దుకుని, “దానికి కస్టమర్ కేర్ ఉంటది” అన్నాడు.

టీ ఇచ్చి పంపించాను. అతని మీద నాకు కోపమేమీ లేదు. పాపం, అతనికి మా వకీలమ్మ దొరకలేదు. నా గొంతు మంచిదని నలుగురూ అంటారు, ఆ మంచితనం నేను కష్టపడి తెచ్చుకున్నది కాదు, దేవుడు ఇచ్చింది. నాది అనుకోవాల్సింది ఒక్కటే. నా గొంతు ఏ మాట చెప్పిందో, ఆ మాటకు జవాబు చెప్పడానికి గుమ్మంలో నేను ఉంటాను. ఉండలేని చోటికి గొంతును పంపను.

ఇంతసేపు విన్నారు, మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ జీవాలు కవల పిల్లలను ఈనాలి, మీ గింజలకు పురుగు పట్టకూడదు, మీ పిల్లలు చెప్పిన మాట నలుగురూ నమ్మాలి. మీ ఇంట్లోంచి బయటికి పోయిన మాట ఏదైనా, ఎంత మంచిగా పోయిందో అంత మంచిగానే తిరిగి మీ ఇంటికి రావాలి.